బీపీ ముందా, కిడ్నీ ముందా?

ఈ కథనానికి ఒక ఫైలు కావాలి. ఎవరి సొంత ఫైలూ కాదు, ఉద్దానంలో డాక్టర్లు ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చిన లక్షణాలను ఒకచోట చేర్చి కూర్చుకున్నది. కవిటి వైపు కొబ్బరి తోటల్లో పనిచేసే మనిషి, వయసు 46. షుగరు లేదు. బీపీ 148/92. రక్తంలో క్రియాటినిన్ 3.1. హిమోగ్లోబిన్ 9. మూత్ర పరీక్ష కాగితంలో ఆల్బుమిన్ ఎదురుగా 'ట్రేస్' అని ఉంది. స్కానులో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి చెరో 8 సెంటీమీటర్లకు దిగాయి. ఉండాల్సింది 10, 11. కాగితం అడుగున ఏదో ఊళ్ళో ఎవరో రాసిన ముక్క: 'బీపీ వల్ల కిడ్నీ జబ్బు'.

చిక్కంతా ఆ చివరి ముక్క దగ్గరే ఉంది. రాసినవారిని తప్పుపట్టలేం. ఎదురుగా బీపీ ఎక్కువగా కనిపిస్తోంది, కిడ్నీ పాడైంది. బీపీ కిడ్నీని పాడుచేస్తుందని పుస్తకంలో ఉంది. రెంటినీ ముడేస్తే సరిపోయింది. కానీ అదే మనిషి నాలుగేళ్ళ కిందట జ్వరానికి చూపించుకున్నప్పటి చీటీ ఇంట్లో ఎక్కడో దొరికిందనుకోండి, అందులో బీపీ 118/76 అని ఉందనుకోండి. అప్పుడు? ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ప్రతి ఆసుపత్రిలోనూ డాక్టర్లు విన్న ప్రశ్న ఇదే: "నాకు సుగరు నేదు, బీపీ నేదు, మరి నా కిడ్నీలెలాగ పోనాయి బాబూ?"

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఇది. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ సీమ పేరు చెప్పగానే జీడిపప్పు తర్వాత గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. నీరా, ఎండా, మందులా అన్న చర్చ పత్రికల్లో ఎన్నోసార్లు నడిచింది, దాని జోలికి తర్వాత వెళ్దాం. అంతకంటే పాత చిక్కుముడి ఇంకొకటుంది. రక్తపోటు, రక్తనాళం, కిడ్నీ – ఈ మూడింట్లో ముందు చెడింది ఏది? ఈ ప్రశ్నకు దాదాపు 200 ఏళ్ళ వయసు. ఉద్దానం ఫైలు చదవాలంటే దాన్ని మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి.

లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు 1827లో ఒళ్ళంతా నీరుపట్టిన రోగుల వివరాలు అచ్చువేశాడు. ఆయన చేతిలో ఉన్న పరికరం ఒక చెంచా. రోగి మూత్రం కొంచెం అందులో పోసి కొవ్వొత్తి మంట మీద పట్టేవాడు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు అది తెల్లగా గడ్డకడితే మూత్రంలో ఆల్బుమిన్ పోతోందని అర్థం. అలాంటి రోగి చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు గట్టిపడి, కుంచించుకుపోయి ఉండేవి. 1836 నాటికి ఆయన మరో సంగతి గమనించాడు. ఆ రోగుల్లో చాలామందికి గుండె ఎడమ గది కండ మందమెక్కి ఉంది, కవాటాల్లో లోపమేమీ కనబడకపోయినా. కిడ్నీ చెడితే రక్తం కలుషితమై, ఆ రక్తాన్ని సన్న నాళాల్లోంచి తోయడానికి గుండె ఎక్కువ కష్టపడుతోందేమో అని ఊహించాడు. అంటే బ్రైట్ లెక్కలో కిడ్నీ ముందు, గుండె తర్వాత. రక్తపోటు కొలిచే సాధనం అప్పటికింకా లేదు.

ఆ వరుసను తిరగేసిన వాడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. మన పాఠకులకు ఈ పేరు పరిచయం తక్కువ. పాట్నాలో పుట్టి ఇంగ్లండు వెళ్ళి, 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీహౌస్ తెరిచిన షేక్ దీన్ మహమ్మద్‌కు ఈయన మనవడు. 1849లో పుట్టి, గైస్ ఆసుపత్రిలోనే చదివి, 1884లో 35 ఏళ్ళకే టైఫాయిడ్‌తో పోయాడు. ఆ కొద్ది కాలంలో చేసిన పని చూడండి. ఫ్రాన్సులో మారే తయారుచేసిన నాడిగీత యంత్రం అప్పటికి ఉంది. మణికట్టు మీద కడితే, నాడి కొట్టుకున్నప్పుడల్లా సన్నటి పుల్ల కదిలి మసి పూసిన కాగితం మీద గీత గీస్తుంది. నాడిని ఎంత ఒత్తిడితో నొక్కుతున్నామో తెలిసేలా మహమ్మద్ దానికి మర అమర్చాడు. ముందు స్కార్లెట్ జ్వరం వచ్చిన పిల్లల నాడి గీయించాడు, ఆ తర్వాత పైకి ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్నవారి నాడిని కూడా. కొందరిలో గీత చదునుగా, బలంగా ఉండేది. ఆ మనుషులు తమ పని తాము చేసుకుంటూ, జబ్బున్నట్టే ఎరుగకుండా ఉన్నారు. మూత్రంలో ఆల్బుమిన్ లేదు. అంటే పోటు ముందే పెరిగింది, కిడ్నీ ఆనవాలు తర్వాత వస్తుంది. 1874లో అచ్చయిన వ్యాసంలో ఆల్బుమిన్ కనబడక ముందు దశ అని దానికి ఆయన పేరుపెట్టాడు. చేతికి పట్టీ చుట్టి పోటు కొలవడం 1896లో రీవా రొచ్చీతో మొదలైందనీ, స్టెతస్కోపు పెట్టి పై సంఖ్య, కింది సంఖ్య వినే పద్ధతిని 1905లో కొరొత్కోవ్ చెప్పాడనీ గుర్తుంచుకుంటే, ఈ కుర్రవాడు ఎంత చీకట్లో ఎంత దూరం చూశాడో తెలుస్తుంది. బీపీ చరిత్రలో ఆయనకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

మరి ఎవరు నిజం? ఇద్దరూ. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనికి బిగింపు పెట్టి కొద్దిగా నొక్కితే బీపీ పెరిగింది. నాళం ఇరుకైతే, తనకు రక్తం చాలడం లేదనుకున్న కిడ్నీ రెనిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. దాంతో ఒళ్ళంతా నాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. పెరిగిన పోటు మళ్ళీ కిడ్నీ సన్న నాళాలను గట్టిపరుస్తుంది. నాళం కిడ్నీని, కిడ్నీ నాళాన్ని చెరుపుకుంటూ పోయే గానుగ ఇది. రోగి మన దగ్గరికి వచ్చేసరికి అది ఎన్నో చుట్లు తిరిగి ఉంటుంది. ఎక్కడ మొదలైందో చెప్పాలంటే గానుగ వదిలిన గుర్తులు చదవాలి. డాక్టర్ల భాషలో వాటిని మార్కర్లు అంటారు.

గుర్తుల్లో అన్నిటికంటే ముందు నోరు విప్పేది ఆల్బుమిన్. కిడ్నీలో రక్తాన్ని వడపోసేది సన్న నాళాల కుచ్చు, గ్లోమెరులస్. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షలుంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల నీరు వడపోసి, లీటరున్నరో రెండు లీటర్లో మినహా అంతా వెనక్కి పీల్చుకుంటాయి. పోటు ఎక్కువై కుచ్చు గోడ బలహీనపడితే ఆల్బుమిన్ జారుతుంది. బ్రైట్ చెంచాకు గానీ, మూత్రంలో ముంచే ఈనాటి రంగు పట్టీకి గానీ అందనంత తక్కువ మోతాదు కూడా ముఖ్యమేనని తెలిసింది మాత్రం 1960లలో లండన్‌లో హ్యారీ కీన్ బృందం సున్నితమైన పరీక్ష తెచ్చాక. 1984లో డెన్మార్క్ డాక్టరు మోగెన్సెన్, ఆ కొంచెం ఆల్బుమిన్ పోయే మధుమేహులు తొందరగా చనిపోతున్నారని చూపించాడు. అదీ ఎక్కువగా గుండె జబ్బుతో. కిడ్నీలో కారిన చుక్క గుండె గురించి ఎందుకు చెబుతుంది? కుచ్చులో ఉన్న నాళం లోపలి పొరా, గుండె ధమని లోపలి పొరా ఒకే జాతివి కాబట్టి. ఒకచోట కారుతోందంటే మిగతాచోట్లా తూట్లు పడుతున్నాయని అనుమానించాలి. బీపీ రోగుల్లోనూ ఇదే తేలింది. అందుకే బీపీ ఉన్నవారికి ఏటా మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూడమంటారు. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపుంటే సరే, 30 దాటితే గుండెకు కూడా హెచ్చరిక.

రెండో గుర్తు ధమని గట్టిదనం. మెడ దగ్గరా తొడ మొదట్లోనూ నాడి తగిలే చోట్ల రెండు సెన్సార్లు పెట్టి, గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఆ అల రెండు చోట్లకూ ఎంత తేడాతో చేరిందో చూస్తారు. మధ్య దూరం అర మీటరు అనుకుంటే, సెకనులో పదో వంతు పడితే అల వేగం సెకనుకు 5 మీటర్లు. ఆ నాళం ఇంకా సాగే గుణంతో ఉందన్నమాట. ఇరవయ్యో వంతులోనే చేరిందంటే వేగం 10 మీటర్లు. నాళం బిరుసెక్కింది. పారిస్‌లోని బ్రూసే ఆసుపత్రిలో 1,980 మంది బీపీ రోగులను ఏళ్ళ తరబడి గమనించిన స్టెఫాన్ లారాన్ బృందం, బీపీ సంఖ్యతో నిమిత్తం లేకుండా ఈ వేగం ఒక్కటే చావు ముప్పును చెప్పగలదని 2001లో ప్రకటించింది. బిరుసెక్కిన బృహద్ధమని గుండె తోపును మెత్తబరచలేదు, ఆ దెబ్బ నేరుగా అవయవాల మీద పడుతుంది. అన్నిటికంటే ఎక్కువ తగిలేది మెదడుకూ కిడ్నీకీ, ఎందుకంటే ఆ రెంటి నాళాలూ ఎప్పుడూ బార్లా తెరుచుకుని రక్తాన్ని ధారగా లాక్కుంటాయి.

ఆ యంత్రం మన ఊళ్ళలో దొరకదు. దొరికేవి చవకవి. చీలమండ దగ్గర బీపీ పై సంఖ్యను చేతి పై సంఖ్యతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వచ్చిందా, కాలి ధమని పూడిందని అనుమానం. ఈసీజీలో అలలు ఎత్తుగా లేస్తే ఎడమ గది మందమెక్కింది. కంటి లోపల రెటీనా మీద సన్న ధమనులు వెండి తీగల్లా మెరుస్తున్నా, రక్తపు మరకలున్నా పోటు ఏళ్ళ తరబడి సాగిందని చెప్పొచ్చు. ఒంట్లో సన్న ధమనులను ఏ కోతా లేకుండా ఇంత స్పష్టంగా కంటితో చూడగలిగే చోటు అదే. కంటి డాక్టరు టార్చి ముందు కూర్చోవడం ఖర్చులేని పని, అయినా బీపీ రోగుల్లో ఎంతమంది కూర్చుంటున్నారో.

ఇప్పుడు మన ఫైలు దగ్గరికి వద్దాం. పోటు వల్లే కిడ్నీ పోయిందంటే ఆ పోటు పదిహేను, ఇరవై ఏళ్ళు పనిచేసి ఉండాలి. 46 ఏళ్ళకు కిడ్నీ ఇంత కుంచించుకుపోయిందంటే ముప్ఫైలలోనే అది మొదలై, గట్టిగానే ఉండాలి. అలాగైతే కంట్లో దాని అచ్చు ఉండాలి, గుండె గోడ మందమెక్కి ఉండాలి. ఇలాంటి రోగుల కళ్ళు చూస్తే తరచూ శుభ్రంగా ఉంటాయి. గుండె పెరిగినా ఆ మేరకు ఉండదు. 148/92 పెద్ద పోటు కాదు, చిన్న పోటు. చిన్న పోటుకు చితికిపోయిన కిడ్నీ – లెక్క కుదరలేదు.

మరి ఆల్బుమిన్? 'ట్రేస్' అంటే లేనట్టే. ఇక్కడ ఆగి ఒక మెలిక చెప్పాలి. దీర్ఘకాలపు బీపీతో కుంచించుకుపోయిన కిడ్నీలో కూడా ఆల్బుమిన్ తక్కువగానే ఉండొచ్చు. కాబట్టి ఆల్బుమిన్ లేదు గనుక బీపీ కాదని తేల్చేయలేం. ఆ గుర్తు ఒక్కదాన్నే పట్టుకుంటే తీర్పు తప్పుతుంది. కన్ను, గుండె, వయసు, పాత చీటీలు కూడా కలిపి చదవాలి. పాత చీటీ ఒక్కటి దొరికినా చాలు, సగం కేసు విడిపోతుంది. కానీ మన దగ్గర పాత చీటీ పెళ్ళిళ్ళ కార్డులతో పాటు పోతుంది.

ఇంకో ఆధారం ఫైలులో ఎక్కడా రాయరు, అడిగితే చెబుతారు. రాత్రిపూట మూడు, నాలుగుసార్లు లేవాల్సి వస్తోంది, అదీ చాలా ఏళ్ళుగా. ఒళ్ళు వాచిందా? లేదు. ఇది కిడ్నీలో వేరే భాగం చెడిందని చెప్పే మాట. గ్లోమెరులస్ జల్లెడ అనుకుంటే దాని కింద ఉన్న నాళిక కాలువ. జల్లెడ చిరిగితే ఆల్బుమిన్ పడుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, పోటు పెరుగుతుంది. కాలువ దెబ్బతింటే కథ వేరు. వెనక్కి పీల్చుకోవాల్సిన నీటినీ ఉప్పునూ కాలువ పట్టుకోలేదు, మూత్రం పలచనై ఎక్కువసార్లు వస్తుంది. ఉప్పు బయటకు పోతుంది కాబట్టి పోటు పెరగదు. చాలాకాలం మామూలుగానే, ఒక్కోసారి తక్కువగానే ఉంటుంది. చివరికి కిడ్నీ మరీ కుంచించుకుపోయి ఉప్పు నిలిచిపోయే స్థితికి వచ్చాకే పోటు ఎక్కుతుంది. మన ఫైలులోని 148/92 ఆ చివరి అంకంలో ప్రవేశించిన పాత్ర. తెర లేచేసరికి వేదిక మీద ఉంది కాబట్టి హంతకుడనుకున్నారు.

రంగు పట్టీ మౌనానికి కారణమూ ఇదే. ఆ పట్టీ ఆల్బుమిన్‌నే గుర్తుపడుతుంది. నాళిక చెడినప్పుడు కారేవి బీటా-2 మైక్రోగ్లోబులిన్ లాంటి బుల్లి ప్రొటీన్లు. వాటికి పట్టీ రంగు మారదు. నాళిక కణాలు దెబ్బతింటే మూత్రంలో పెరిగే కిమ్-1 అనే ప్రొటీను ఒకటుంది. దాన్ని 1998లో వెలుగులోకి తెచ్చిన బృందానికి నాయకుడైన హార్వర్డ్ డాక్టరు జోసెఫ్ బాన్‌వెంట్రే 2017లో ఉద్దానం సంగతి మీద విశాఖపట్నం వచ్చారు. ఆ ఏడాది జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో రోగులను కలిసిన తర్వాత ఈ సీమకు రాజకీయ వెలుగు గట్టిగా పడిన కాలమది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ వెలుగు పెరగడం, తర్వాత తగ్గడం ఇక్కడి జనానికి అలవాటే.

కణజాలం కూడా ఇదే చెప్పింది. ఉద్దానంలో బయాప్సీ చేయించుకున్నవారిలో నాళికలు, వాటి చుట్టూ ఉండే కణజాలం దెబ్బతిన్నట్టు కనిపించింది. కుచ్చులు మొదట్లో పెద్దగా చెడలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రం వరి రైతుల్లో కనిపించిన బొమ్మ కూడా దాదాపు ఇలాంటిదే. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు, షుగరు లేదు, పోటు లేదు, ఆల్బుమిన్ తక్కువ.

ఇక ఎంతమంది? విశాఖకు చెందిన నెఫ్రాలజిస్టు, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం మాజీ వైస్ చాన్సలర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వే ప్రకారం పరీక్షించిన పెద్దవారిలో 18 శాతానికి పైగా ఈ జబ్బున్నవారే. మరుసటి ఏడాది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారి అధ్యయనం 2,400 మందిని చూసి 21 శాతమని చెప్పింది. అయిదుగురిలో ఒకరన్నమాట. రెండింట్లోనూ చాలామందికి మూత్రంలో ప్రొటీను స్వల్పం. ఆల్బుమిన్ చూసి వల వేసే ఏ పథకమైనా ఇక్కడ చాలా చేపలను జారవిడుస్తుందని ఈ లెక్కలు చెబుతున్నాయి.

మరి వల వేయాల్సింది దేనితో? క్రియాటినిన్‌తో. కానీ దానికీ ఒక తిరకాసుంది, దాన్ని కొంచెం నిదానంగా చూడాలి. క్రియాటినిన్ కండలో పుట్టే వ్యర్థం. కండ తక్కువైతే అది తక్కువ పుడుతుంది. కిడ్నీ సగం పోయినా సంఖ్య ఇంకా మామూలు హద్దులోనే కనిపించవచ్చు. ల్యాబు చీటీలో 1.1 అని వచ్చిందనుకోండి, పక్కన 'నార్మల్' అని అచ్చువేసి ఉంటుంది. 25 ఏళ్ళ కుర్రవాడికి అది నిజంగానే నార్మల్, వయసూ లింగమూ కలిపి లెక్కకట్టే ఇప్పటి సూత్రం ప్రకారం వడపోత నిమిషానికి 95 మిల్లీలీటర్లు. అదే 1.1 అరవై ఏళ్ళ జీడి పీలింగ్ కూలీ ముసలమ్మ చీటీలో ఉంటే వడపోత 57. మూడు నెలలు దాటి అలాగే ఉంటే 60 లోపు అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ఒకే సంఖ్య, ఇద్దరు మనుషులు, ఒకరికే జబ్బు. పాత పద్ధతి రసాయన పరీక్షలో పిక్రిక్ ఆసిడ్ రంగు చూస్తారు. 1886లో యాఫే కనిపెట్టినది, ఇప్పటికీ చాలా ల్యాబుల్లో అదే. రక్తంలో వేరే పదార్థాలు కూడా ఆ రంగు తెప్పిస్తాయి. ఒక ల్యాబు చీటీని మరో ల్యాబు చీటీతో పోల్చి 'పెరిగింది', 'తగ్గింది' అనుకోవడం కాశీబుగ్గలో ఇంటింటా ఉన్న అలవాటు. సంఖ్యను బంధువులు ఫోనులో చెప్పుకుంటారు, "మావయ్యకి ఎంతొచ్చింది?" "ఇదివరకు నాలుగు, ఇప్పుడు మూడున్నర" అని.

కారణం సంగతికొస్తే, బోరు నీళ్ళలో సిలికా, బరువు లోహాలు, పురుగుమందులు, ఎండలో నీరు తాగకుండా గంటల తరబడి పని, ఒళ్ళునొప్పులకు మింగే నొప్పి మాత్రలు, వంశపారంపర్యం – జాబితా పెద్దదే, నేరం రుజువైనది ఒక్కటీ లేదు. కొంచెం కొంచెం అన్నీ కలిసే ఉండొచ్చని ఎక్కువమంది నిపుణులు అనుకుంటున్నారు. నీటి అనుమానం మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు పెద్దది. హిరమండలం వంశధార జలాశయం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చే 700 కోట్ల రూపాయల సుజలధార పథకాన్ని 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు, అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని కూడా. నీళ్ళు మారితే జబ్బు తగ్గిందో లేదో కొత్తగా పెరిగే పిల్లల్లో చూడాలి, అది చెప్పడానికి ఏళ్ళు పడుతుంది.

ఈలోపు ధైర్యం చెప్పేది బాల్కన్ కథ. డాన్యూబ్ ఉపనదుల వెంట బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా పల్లెల్లో 1950లలోనే ఇలాంటి జబ్బు వర్ణించారు. అచ్చం ఇలాగే, పోటు లేదు, ఆల్బుమిన్ తక్కువ, కిడ్నీలు నున్నగా కుంచించుకుపోయాయి. నీళ్ళలో లోహాలన్నారు, వైరస్ అన్నారు. చివరికి 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందు తిన్న ఆడవాళ్ళ కిడ్నీలు అదే తీరులో చెడినప్పుడు అసలు ఆధారం దొరికింది. ఆ మందులో కలిసిన మూలికలో అరిస్టొలోకిక్ ఆసిడ్ ఉంది. ఆ విషం ఉన్న కలుపు మొక్కే బాల్కన్ గోధుమ చేలలో పంటతో కలిసి పిండి అవుతోందని 2007లో గ్రోల్మన్ బృందం రుజువు చేసింది. యాభై ఏళ్ళ కేసు, ఊరికి వందల మైళ్ళ దూరంలో విడిపోయింది. ఉద్దానం కారణం కూడా ఇక్కడి మట్టిలోనే దొరుకుతుందని నియమమేమీ లేదు.

ఇంతకూ పోటు ఆలస్యంగా వచ్చిన పాత్ర అయితే దాన్ని వదిలేయవచ్చా? అసలు వదలకూడదు, ఎందుకంటే అక్కడి నుంచి కథ తిరగబడుతుంది. కాలిఫోర్నియాలో 11 లక్షల మందికి పైగా పెద్దవాళ్ళ రికార్డులు తీసి అలాన్ గో బృందం 2004లో లెక్కకట్టింది. వడపోత 60కి పైన ఉన్నవారితో పోలిస్తే 15 నుంచి 29 మధ్య ఉన్నవారికి గుండె, నాళాల దెబ్బలు 2.8 రెట్లు. మన ఫైలు మనిషి వడపోత సుమారు 24. అంటే కిడ్నీ ముందు చెడినా, ఇక మీదట అతన్ని చంపబోయేది కిడ్నీ కాకపోవచ్చు, గుండె కావచ్చు. డయాలసిస్ మీదున్న రోగులకు గుండె జబ్బుతో చనిపోయే ముప్పు మామూలు జనం కంటే 10 నుంచి 20 రెట్లని 1998 నాటి అమెరికా లెక్క. మన దేశంలో ఇన్‌ఫెక్షన్ దీనికి గట్టి పోటీ. కిడ్నీ పోయాక ఫాస్ఫేటు పెరిగి ధమని గోడలో సున్నం పేరుకుంటుంది. అప్పుడు చీలమండ, చేతి నిష్పత్తి 1.4 దాటవచ్చు. 0.9 కన్నా తక్కువ రావడం లేదు కదా, కాలు బాగుందనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. గట్టిపడిన నాళాన్ని బీపీ పట్టీ నొక్కలేకపోతోంది, అంతే. ఆరోగ్యంగా కనబడే మంచి సంఖ్యే ఇక్కడ చెడు గుర్తు.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే మెలిక తిరుగుతుంది. టెక్కలి దగ్గర నౌపడ ఉప్పు మళ్ళు అందరికీ తెలిసినవే, తీరంలో ఎండుచేప లేని ఇల్లు అరుదు. దీర్ఘకాలపు బీపీ ఉన్న టెక్కలి వ్యాపారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటే మంచి సలహా. కానీ కాలువ చెడి ఉప్పు పారబోస్తున్న కవిటి కూలీకి, అదీ వైశాఖం ఎండలో చెమటోడుస్తున్నప్పుడు, అదే సలహా గుడ్డిగా చెబితే ఒంట్లో నీరు తగ్గి మిగిలిన కిడ్నీ కూడా ఎండిపోతుంది. ఇద్దరి క్రియాటినిన్ ఒకటే అయినా వైద్యం ఒకటి కాదు. ఒకరిలో నాళం ముందు, మరొకరిలో కాలువ ముందు.

మందుల దగ్గర ఈ తేడా మరింత కచ్చితంగా కనబడుతుంది. ఆల్బుమిన్ కారే కిడ్నీకి బాగా పనిచేసే ఏసీఈ రకం మాత్రలు ఆ కారడాన్ని తగ్గించే మేరకే మేలు చేస్తాయి, ఆల్బుమిన్ కారని కిడ్నీలో వాటి లాభం ఎంతో తక్కువ. మధుమేహానికి పుట్టి కిడ్నీకి పనికొచ్చిన డపాగ్లిఫ్లోజిన్ మీద 2020లో వెలువడిన పెద్ద పరీక్షలో చేరాలంటే మూత్రంలో నిష్పత్తి కనీసం 200 ఉండాలి. మన ఫైలులో 'ట్రేస్' ఉన్న మనిషిని గేటు దగ్గరే ఆపేసేవారు. ఎంపాగ్లిఫ్లోజిన్ పరీక్ష, 6,609 మందితో 2023లో అచ్చయినది, గేటు కొంచెం తెరిచింది. వడపోత 20 నుంచి 45 మధ్య ఉంటే ఆల్బుమిన్ ఎంతైనా సరే తీసుకుంది. మొత్తం మీద కిడ్నీ జారుడూ గుండె మరణమూ కలిపిన ముప్పు 28 శాతం తగ్గింది. అయితే ఆల్బుమిన్ తక్కువున్న గుంపులో ఆ లాభం అంత స్పష్టంగా తేలలేదు, కిడ్నీ జారే వేగం మాత్రం కొంత తగ్గింది. వడపోత 24, ఆల్బుమిన్ 'ట్రేస్', బీపీ ఆలస్యంగా ఎక్కిన ఉద్దానం మనిషికి ఈ మాత్ర రాయాలా వద్దా అన్నది పలాస ఓపీలో డాక్టరు తన చేతిలోని కాగితాలను చూసి, ఎదురుగా ఉన్న మనిషికి రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావని అడిగి తేల్చుకోవాల్సిన పని.